అంచు ఊళ్ల చరిత్ర – 9: డబ్బాకు నంబరు పడ్డ కథ



పోయిన భాగంలో మన ఊళ్లకు రోడ్డు ఎట్లా వచ్చిందో చెప్పుకున్నాం. ఆ రోడ్డు ఊరి దాకా వచ్చి వాడ ముందు ఎట్లా ఆగిందో కూడా చెప్పుకున్నాం. ఈ భాగం టీవీ తీగ గురించి. "కేబుల్ టీవీకి కూడా చరిత్రా?" అని నవ్వే మిత్రులకు ఒకటే మాట. మన ఇంట్లోకి వచ్చిన ప్రతి తీగకూ చరిత్ర ఉంది. అది ఎవరి చేతి మీదుగా వచ్చింది, ఎవరు ఆపితే ఆగుతుంది, మనల్ని ఎందుకు లెక్కపెడుతుంది అనేదే ఆ చరిత్ర.

2017 మార్చి. పాల్వంచ దాటి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట మా ఊరు. కేబుల్ పిల్లగాడు సంచిలో నల్ల డబ్బాలు వేసుకుని వాడకొచ్చాడు.

"అక్కా, ఈ నెల 31 దాటితే బొమ్మ రాదు. డబ్బా పెట్టుకోవాల్సిందే" అన్నాడు.

"ఏమయ్యా, నెలనెలా పైసలు ఇస్తానే ఉన్నా గదా. మళ్లా డబ్బాకెందుకు?" అంది మా అమ్మ.

"గవర్నమెంటు రూలక్కా. నాదేం లేదు."

డబ్బా 1500 రూపాయలు. ఆ ఏడాది తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 194 రూపాయలు. అంటే దాదాపు ఎనిమిది రోజులు మట్టి తవ్వితే ఒక డబ్బా. అమ్మ అడిగిన ప్రశ్నకు ఆ పిల్లగాడి దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూ 40 ఏళ్లు వెనక్కి పోవాలి.

ఈ దేశంలో పల్లెకు టీవీ మొదట అమ్మకపు సరుకుగా రాలేదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా 'సైట్' అనే ప్రయోగం జరిగింది. అమెరికా సంస్థ నాసా ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు ఇచ్చింది. మన ఇస్రో దాని ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెలకు నేరుగా బొమ్మ అందించింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా అందులో ఉన్నాయి. పొద్దున గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, కొంత వినోదం. ఊరందరికీ కలిపి ఒకే టీవీ. దాన్ని బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పెట్టారు. చూడటానికి పైసా కట్టనక్కర్లేదు.

ఆ ప్రయోగాన్ని పొగడటం తేలిక. కానీ వాడ నుంచి చూసేవాడికి మొదట వచ్చే ప్రశ్న వేరు. అందరి టీవీ అన్నారు సరే, దాన్ని పెట్టిన అరుగు అందరిదా? 1970ల్లో పంచాయతీ ఆఫీసు అరుగు మీద మన వాళ్లు ఎక్కడ కూర్చునేవాళ్లో మీ తాతనడగండి. ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల పైనుంచి బొమ్మను దించగలిగింది. చివరి నాలుగడుగులు మాత్రం ఊరి కట్టుబాటు చేతిలోనే మిగిలాయి.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. 1980ల్లో చిన్న ట్రాన్స్‌మిటర్లు దేశమంతా లేచాయి. ఇంటి మీద యాంటెన్నా ఉంటే చాలు, నెల బిల్లు లేదు. కాకపోతే టీవీ కొనే స్తోమత ఉన్న ఇళ్లు మా ఊళ్లో రెండో మూడో. 1987లో రామాయణం సీరియల్ మొదలైనప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆదివారం పొద్దున పెద్ద ఇంటి వాకిట్లో ఊరి పిల్లలు చాప మీద కూర్చునేవాళ్లు. మేము కిటికీ బయట నిలబడేవాళ్లం. శుక్రవారం చిత్రలహరి కూడా ఆ కిటికీ ఊచల్లోంచే. టీవీ చూడటమంటే కాళ్లు నొప్పి పెట్టడం అని చాలా ఏళ్లు నాకు గుర్తు. ఎవరూ మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. మా చోటు మాకు తెలుసు, వాళ్ల చోటు వాళ్లకు తెలుసు. అంటరానితనం ప్రతిసారీ కర్ర పట్టుకునే రాదు మిత్రులారా.

కేబుల్ వచ్చాక ఆ కిటికీ పోయింది. ఈ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత నగరాల్లో డిష్‌లు లేచాయి. 1995లో జెమినీ, అదే ఏడాది ఈటీవీ రావడంతో తెలుగు ఊళ్లకు కేబుల్ మీద ఆశ పుట్టింది. కేబుల్ నెట్‌వర్క్‌ల చట్టం వచ్చిందీ 1995లోనే. కొత్తగూడెం, పాల్వంచ, మణుగూరు లాంటి పట్టణాల్లో మొదలైన తీగ కరెంటు స్తంభాల మీదుగా పల్లెలకు పాకింది. సెకండ్ హ్యాండ్ టీవీ ఒకటి కొనుక్కుంటే చాలు, మా ఇంట్లో మేము కూర్చుని చూడొచ్చు. కూర్చుని చూడటం! కిటికీ బయట నిలబడనివాళ్లకు ఈ మాట విలువ తెలియదు.

ఇక్కడ అనలాగ్ తీగ ఎట్లా పనిచేస్తుందో కొంచెం తెలుసుకోవాలి. హెడ్‌ఎండ్ అనే గదిలో డిష్‌ల నుంచి ఛానళ్లు దించి, ఒక్కో ఛానల్‌కు ఒక్కో చోటు ఇచ్చి, అన్నింటినీ ఒకే తీగలోకి వదులుతారు. తీగ తగిలిన ప్రతి టీవీకీ అన్నీ వస్తాయి. ఎవరింట్లో ఏం చూస్తున్నారో, అసలు ఎన్ని ఇళ్లు చూస్తున్నాయో గదిలో ఉన్నవాడికి తెలియదు. తీగ పొడుగు పెరిగే కొద్దీ, స్ప్లిటర్లు పెరిగే కొద్దీ సిగ్నల్ బలం తగ్గుతుంది. యాంప్లిఫయర్ పెడితే మళ్లీ పెరుగుతుంది, కానీ దానికి ఖర్చవుతుంది. మా ఊళ్లో యాంప్లిఫయర్ రచ్చబండ దగ్గర ఆగింది. వాడ తీగకు చివర. అందుకే ఊళ్లో తేట బొమ్మ, వాడలో చుక్కల బొమ్మ. ఆ చుక్కలకు కులం లేదు. తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో నిర్ణయించిన ఊరి పటానికి ఉంది.

ఆ చుక్కల బొమ్మనే మేము పంచుకున్నాం. ఒక కనెక్షన్ తీసుకుని, స్ప్లిటర్ పెట్టి, నాలుగిళ్లు. నెల డబ్బులు నాలుగు పాళ్లు. చట్టం దీన్ని దొంగతనం అంటుంది. మేము పాలు అన్నాం. పైన జరిగే లెక్క ఇంకా పెద్దది. ఊళ్లో ఉన్న కనెక్షన్లన్నీ కాకుండా కొన్ని మాత్రమే చూపించి ఆపరేటర్ ఛానళ్లకు డబ్బు కట్టేవాడు. అనలాగ్‌లో చోట్లు తక్కువ కాబట్టి, పాత టీవీల్లో కూడా వచ్చే మంచి చోటు కోసం ఛానళ్లే తిరిగి ఎదురు డబ్బు ఇచ్చేవి. ఛానల్ కంపెనీకి నష్టం, ప్రభుత్వానికి పన్ను నష్టం. ఇద్దరికీ కావలసింది ఒకటే: ఇళ్ల లెక్క.

ఆ లెక్క కోసమే 2011లో చట్టం సవరించారు. అక్టోబరులో ఆర్డినెన్స్, డిసెంబరులో పార్లమెంటు ఆమోదం. పెట్టిన పేరు 'డిజిటల్ అడ్రసబుల్ సిస్టమ్'. ఈ పేరులో డిజిటల్ అనే మాట అందరూ విన్నారు, అడ్రసబుల్ అనే మాట ఎవరూ పట్టించుకోలేదు. అడ్రసబుల్ అంటే ప్రతి డబ్బాకూ ఒక చిరునామా. డబ్బాకు ఒక నంబరు, ఆ నంబరు మీద ఒక పేరు. హెడ్‌ఎండ్ నుంచి ఆ ఒక్క నంబరుకు "తెరుచుకో" అని చెప్పొచ్చు, "మూసుకో" అని చెప్పొచ్చు. స్తంభం ఎక్కి తీగ కోయాల్సిన పని లేదు.

అమలు నాలుగు దశల్లో. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై మొదటి దశ, 2012లో. హైదరాబాద్, విశాఖతో సహా 38 నగరాలకు 2013 మార్చి 31 గడువు. మిగతా పట్టణాలు మూడో దశ, 2015 డిసెంబర్ 31. మన ఉమ్మడి హైకోర్టు ఆ గడువును రెండు నెలలు పొడిగించింది. ఖమ్మం, కొత్తగూడెం లాంటివి ఇందులో వస్తాయి. మిగిలిన పల్లె భారతమంతా నాలుగో దశ. 2014 చివర అన్నది 2016 చివరకు జరిగి, ఆఖరికి 2017 మార్చి 31 దగ్గర ఆగింది. మా అమ్మ ముందు నిలబడ్డ పిల్లగాడు ఆ నాలుగో దశ మనిషి. గోదావరి అవతల కూనవరం, చింతూరు వైపు మండలాలు 2014లోనే ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. అదే నది, అదే అడవి, అదే గడువు, ప్రభుత్వాలు మాత్రం రెండు.

డబ్బా వచ్చింది. బొమ్మ అద్దంలా ఉంది. ఊరికీ వాడకూ ఒకే తేట. ఇది చిన్న సంగతి కాదు, సాంకేతికత చేసిన మేలు ఇది. కానీ డిజిటల్‌కు చుక్కల బొమ్మ తెలియదు. సిగ్నల్ సరిపడా ఉంటే మొత్తం వస్తుంది, తగ్గితే గడులు గడులుగా విరిగి మొత్తం పోతుంది. డబ్బుకూ అదే సూత్రం. పాత రోజుల్లో "వచ్చే నెల ఇస్తానయ్యా" అంటే కేబుల్ ఆయన వినేవాడు. డబ్బాకు చెవుల్లేవు. గడువు తీరిన రాత్రి తెర నల్లబడి, మధ్యలో నంబరు కనిపిస్తుంది. పాలు కూడా పోయింది. నాలుగిళ్ల కనెక్షన్ నాలుగు డబ్బాలైంది.

2018 అక్టోబర్ 30న సుప్రీంకోర్టు ట్రాయ్ కొత్త ధరల విధానాన్ని సమర్థించింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలు. "చూసిన ఛానల్‌కే డబ్బు" అని ప్రచారం చేశారు. వినడానికి న్యాయంగా ఉంది. 100 ఛానళ్ల దారి ఖర్చు 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 153.40. అప్పటి ఉపాధి హామీ రోజు కూలి 205 రూపాయల్లో ముప్పావు వంతు దారికే పోయింది. మనం చూసే సీరియళ్ల ఛానళ్ల ధర దాని మీద వేరే. హెచ్‌డీ కావాలంటే ఒక్క హెచ్‌డీ ఛానల్‌ను రెండు మామూలు ఛానళ్లుగా లెక్కేశారు. పైగా మా వాడలో ఉన్నవి పాత డొక్కు టీవీలు, వాటికి హెచ్‌డీ డబ్బా తగిలించినా బొమ్మ మారదు. నెల రుసుము లేని దూరదర్శన్ డిష్ 2004 నుంచే ఉంది. దాని పేరు వాడకొచ్చి చెప్పినవాడు ఒక్కడు లేడు. లాభం లేని సరుకును ఎవడు మోసుకొస్తాడు?

వేరే దారి లేదా? ఉంది. తమిళనాడు ప్రభుత్వం అరసు కేబుల్ పేరుతో 2011లో నెలకు 70 రూపాయలకే కనెక్షన్ ఇచ్చింది. 2017లో డిజిటల్ లైసెన్సు వచ్చాక డబ్బా ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అందులోనూ రాజకీయాలున్నాయి, కాదనను. కానీ తీగ ప్రభుత్వ బాధ్యత కూడా కావచ్చని అది చూపించింది. ప్రైవేటు తీగ ఎవరి మాట వింటుందో మనకు 2014 జూన్‌లోనే తెలిసింది. తెలంగాణలో కేబుల్ సంస్థలు టీవీ9, ఏబీఎన్ ప్రసారాలు ఆపేశాయి. ఆ ఛానళ్లు మనకు నచ్చాయా లేదా అన్నది వేరే చర్చ. ఏం చూడాలో మనల్ని అడగలేదన్నదే చర్చ.

ఇక 2020. కరోనాతో బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల పాఠాలు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో మొదలయ్యాయి. అంటే బడి తీగలోకి వచ్చింది. ఆ నెలలో వాడలో కూలి పనుల్లేవు, సగం డబ్బాల తెరలు నల్లగా ఉన్నాయి. మా చెల్లెలి కొడుకు తొమ్మిదో తరగతి. మూడో రోజు వాడు ఎక్కడ పాఠం వింటున్నాడా అని వెతుక్కుంటూ పోతే ఊళ్లో ఒక ఇంటి కిటికీ బయట నిలబడి ఉన్నాడు. చేతిలో నోటు పుస్తకం. లోపల లెక్కల సారు త్రికోణాలు గీస్తున్నాడు.

33 ఏళ్ల తర్వాత మళ్లీ అదే కిటికీ. 1975లో ఒక టీవీ, అరుగు సమస్య. 2020లో ఇంటికో టీవీ, రీచార్జి సమస్య. అడవి లోపలి గుత్తికోయ గూడేల్లో కరెంటు తీగే లేని పిల్లలకు నిలబడటానికి కిటికీ కూడా లేదు.

అదే ఏడాది కన్నడలో అంబేద్కర్ జీవిత కథ 'మహానాయక' సీరియల్‌గా వస్తే, కర్ణాటక పల్లెల్లో దళిత యువకులు ఊరూరా ఫ్లెక్సీలు కట్టారు. తెర మీద మన మనిషి కనబడితే మనం ఏం చేస్తామో అది. తెర మనకు అక్కర్లేదని ఎవరైనా చెప్తే నమ్మకండి. మన గొడవ తెరతో కాదు, తాళంతో.

కాబట్టి మిత్రులారా, మా అమ్మ ప్రశ్నకు జవాబు ఇది. డబ్బా ఎందుకంటే, లెక్క కోసం. ఈ రాజ్యం అడవి అంచున ఉన్న ప్రతి గుడిసెనూ, ప్రతి వాడనూ వెతికి, తలుపు తట్టి, నంబరు వేయగలదని రుజువైంది. ఇంటి స్థలం పట్టా అడిగితే సర్వే కాలేదంటారు. పింఛను అడిగితే ఆధారం లేదంటారు. బిల్లు కోసమైతే గడువు తేదీతో సహా దొరికాం.

మనం అడగాల్సింది మూడు. ఒకటి: దూరదర్శన్ ఛానళ్లు, పాఠాల ఛానళ్లు రీచార్జి అయిపోయినా మూతపడకూడదు. దూరదర్శన్ ఛానళ్లు తప్పనిసరిగా చూపాలని కేబుల్ చట్టంలో ఇప్పటికే ఉంది. తాళం వేశాక ఆ తప్పనిసరికి అర్థమేంటి? రెండు: భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. ఆ అంకెలు నల్ల తెర మీద కూడా కనబడాలి. మన నంబరు చూపించగలిగిన డబ్బా నది నంబరు చూపించలేదా? మూడు: ప్రతి వాడలో, ప్రతి గూడెంలో చదువుకునే పిల్లలకు కూర్చుని చూసే ఒక గది, ఒక టీవీ ఉండాలి. అరుగు మనదై ఉండాలి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ ఆదివారం మీ వాడలో పది ఇళ్లకు పోండి. డబ్బా ఎప్పుడు కొన్నారు, ఎంత కట్టారు, 2020లో పిల్లలు పాఠం ఎక్కడ విన్నారు, రాసుకోండి. మన లెక్క మనమే రాసుకోకపోతే వాళ్ల లెక్కలో నంబరుగానే మిగిలిపోతాం.

వచ్చే భాగం సెల్ టవర్ గురించి.

జై భీమ్!