చొప్పదండి: కచ్చీరు నుంచి కౌన్సిల్ దాకా

కరీంనగర్ నుంచి రాయపట్నం పోయే రోడ్డు మీద ఉంటుంది మా ఊరు. యాసంగి కోతలప్పుడు వచ్చి చూస్తే ఇది పల్లెనో పట్నమో చెప్పడం కష్టం. సీసీ రోడ్డు సగం బండ్లకు, సగం వడ్లకు. పట్టా పరిచి, అంచులు లేవకుండా రాళ్లు పెట్టి, వడ్లు ఆరబోసి కాలితో సాళ్లు తీస్తుంటారు. ఆ రాళ్లను తప్పించుకుంటూ మున్సిపాలిటీ చెత్త ఆటో మైకులో పాట పెట్టుకుని పోతుంటుంది. కాగితం మీద మాత్రం 2018 ఆగస్టు 2 నుంచి మేం పట్టణవాసులం.

ఊరి చరిత్ర అనగానే కోటలూ రాజులూ వెతకడం మనకు అలవాటు. ఊరి పనులు ఎవరు చేశారు, ఎవరిని అడిగి చేశారు అన్నది నాకు అంతకన్నా పెద్ద చరిత్ర. ఆ లెక్కన మా దిక్కు పాత దాఖలా ఒకటి పక్క మండలం గంగాధరలో, కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద ఉంది. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో చెక్కించిన శాసనం అది. అందులోని తెలుగు కంద పద్యాల గురించి పండితులు కావలసినంత రాశారు. పద్యాలు సరే, నా కన్ను ఇంకోచోట పడుతుంది. త్రిభువనతిలకమనే బసదిని, కవితాగుణార్ణవమనే చెరువును, మదనవిలాసమనే తోటను అక్కడ ఏర్పాటు చేసినట్టు అదే శాసనం చెబుతుంది. గుడి, చెరువు, తోట. వెయ్యేండ్ల తర్వాత కూడా ఏ ఊరి తీర్మానాల పుస్తకం తిప్పినా పనులు దాదాపు ఇవే కదా!

నిజాం కాలానికి వస్తే, ఊరంటే ముగ్గురు మనుషులు. శిస్తు వసూలుకు మాలి పటేలు, తగాదాలూ చావుపుట్టుకలూ చూడటానికి పోలీసు పటేలు, రికార్డు రాయడానికి పట్వారీ. ముగ్గురిలోనూ జనం ఎక్కువగా భయపడింది పట్వారీకే. అక్షరం రాని రైతు భూమి అంతా ఆయన చేతిరాతలోనే ఉండేది మరి. వీళ్ల కింద ఊరి నౌకర్లు మస్కూరి, నీరటి. చెరువు తూము నీరటి చేతిలో ఉండేది. చెరువు ఎంత నిండిందో చూసి, ఈ కారుకు ఎన్ని ఎకరాలు తడుస్తాయి, ఏ మడి దాకా నీళ్లు ఇయ్యాలి అని ముందే తేల్చుకునేవాళ్లు. దాన్నే తైబందీ అనేవారు. నన్నడిగితే మా పల్లెల అసలు కౌన్సిల్ మీటింగు తైబందీయే. పెద్ద రైతు మాటే చెల్లేది, చివరి మడి ఎండేది, అదీ నిజమే. అయినా లెక్క నలుగురి ముందర తేలేది.

ఆ నలుగురిలో ఎవరున్నారని అడిగితే మాత్రం తల దించుకోవాలి. డప్పు కొట్టి సాటింపు వేసిన మనిషికి ఊరి పెద్దలు కూర్చునే కచ్చీరు గద్దె మీద జాగ లేదు. వెట్టి చేసిన వాడలకు మాట లేదు. దొరల మీద కూలీలు, రైతులు తిరగబడ్డ 1978 నాటి జగిత్యాల జైత్రయాత్ర మాకు పొరుగునే జరిగింది. ఆ తర్వాత చాలా ఏండ్లు మా జిల్లాలో సర్పంచ్ కావడమంటే పగలు పోలీసులకు, రాత్రి నక్సలైట్ అన్నలకు జవాబు చెప్పుకోవడమే. పోటీకి ముందుకొచ్చిన వాళ్ల ధైర్యం గురించి రాసినవాళ్లు తక్కువ.

చట్టాలు తమ దారిన తాము నడిచాయి. 1959 అక్టోబరులో నెహ్రూ షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్‌ను ప్రారంభించాడు. 1984లో పటేల్ పట్వారీలు పోయారు, 1985లో మండలాలు వచ్చాయి. 1994 చట్టంతో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు దక్కాయి. గెలిచిన ఆమె ఇంట్లో ఉంటే ఆయన ‘సర్పంచ్ సాబ్’ అయి తిరిగిన ఊళ్లూ ఉన్నాయనుకోండి, అది వేరే కథ.

ఇక 2018 సంగతి. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టి తీరాలని కొత్త పంచాయతీరాజ్ చట్టం చెప్పింది ఆ ఏడాదే. అదే ఏడాది 68 కొత్త మున్సిపాలిటీల జాబితాలో చేరి మేం ఆ చట్టం నుంచే బయటపడ్డాం. పల్లె పట్నం కావడం అన్నిచోట్లా ఇలాగే ఉండదు. ఇంగ్లండ్‌లో 1894 చట్టంతో పల్లెలకు పారిష్ కౌన్సిళ్లు వచ్చాయి. శ్మశానం, కాలిబాట, ఆటస్థలం లాంటి చిన్న పనులు వాటివి. అలాంటి కౌన్సిల్ తలచుకుంటే తానే తీర్మానం చేసుకుని టౌన్ కౌన్సిల్ అని పేరు మార్చుకోవచ్చు. అక్కడ మారేది పేరే, అదీ ఊరి ఇష్టంతో. మాకు హైదరాబాద్ నుంచి జాబితా వచ్చింది, పేరుతో పాటు బతుకు లెక్కలూ మారాయి.

అన్నిటికన్నా ముందు తగిలిన దెబ్బ ఉపాధి హామీ. అది పల్లెల పథకం కాబట్టి మున్సిపాలిటీలో జాబ్ కార్డుకు పని లేదు. పక్క ఊరి కూలీకి ఎండాకాలం చెరువు పూడికలో పని దొరికితే, మా ఊరి కూలీ అడ్డా మీద నిలబడాలి. ఇద్దరూ నాటు వేసేది ఒకే పొలంలో కావచ్చు. లాభం లేదని అనను. పట్టణాలకు వచ్చే నిధులు వేరు, కమిషనర్, ఇంజనీరు ఉంటారు, మోరీలు, లైట్లు, రోడ్లు అడగడానికి ఒక ఆఫీసు ఉంది.

పోయింది ఇంకొకటి ఉంది, గ్రామసభ. అక్కడ ఎవరైనా లేచి సర్పంచ్‌ను నిలదీయవచ్చు, ఆ సర్పంచ్ కూడా ఊరంతా నేరుగా ఓటేసి గెలిపించిన మనిషి. మున్సిపాలిటీలో మన ఓటు వార్డు కౌన్సిలర్ దాకానే. చైర్‌పర్సన్‌ను వాళ్లలో వాళ్లు ఎన్నుకుంటారు. మొదట ఏడాదికి పైగా ప్రత్యేకాధికారి పాలన, 2020 జనవరి 22న 14 వార్డులకు తొలి ఎన్నిక, 2025 జనవరిలో గడువు ముగియగానే మళ్లీ ప్రత్యేకాధికారి వచ్చాడు. అధికారి మంచివాడే కావచ్చు, ఆయనకు ఓటు అడిగే అవసరం ఉండదు, అంతే తేడా.

ఊరు మాత్రం కూర్చోవడం మానలేదు. కుల సంఘాల భవనాల్లో కూర్చుంటుంది. పెండ్లి సామాను, చావు ఖర్చు, చెరువులో చేపల పాట అక్కడే తేలుతాయి. ఎగువన నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల దిక్కు గ్రామాభివృద్ధి కమిటీలు సర్పంచ్ పదవినే వేలం వేసిన, ఇంటికి ఇల్లు వెలివేసిన కేసులున్నాయి. అందుకే ‘ఊరి కట్టుబాటు’ అంటే నాకు కొంచెం జంకు. దాని మంచి ముఖం చూడాలంటే బతుకమ్మకు రావాలి. వేములవాడ దిక్కు సద్దుల బతుకమ్మ ఏడో నాడే, మా దగ్గర తొమ్మిదో నాడు. ఆ వైపు పుట్టిల్లున్న కోడండ్లకు రెండు చోట్లా పండుగే. చెరువు కాడ లైట్లు ఎవరు కట్టాలి, మెట్ల మీది నాచు ఎవరు తీయాలి అన్నదానికి ఎవరూ ఎజెండా రాయరు, పొద్దుగూకేసరికి పని అయిపోతుంది.

ఆ మనుషులనే కౌన్సిల్ పనిలో కూర్చోబెట్టే దారి చట్టంలోనే ఉంది. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ప్రతి వార్డులో యువకులకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు ఒక్కోటి చొప్పున నాలుగు కమిటీలు, కమిటీకి 15 మంది. మా 14 వార్డులకు లెక్క వేస్తే 840 మంది. గ్రామసభకు ఎప్పుడైనా అంతమంది వచ్చారా అంటే నాకు అనుమానమే. ఓటు కోసం ఎవరు మీ గడప తొక్కినా మోరీ సంగతి, లైటు సంగతి తర్వాత అడగండి. మన వార్డు కమిటీల్లో ఎవరెవరున్నారు, ఈసారి ఎప్పుడు కూర్చుంటారు అని ముందు అడగండి.