కెల్టిక్ భాషలలో గుర్రము

చాలా ఏళ్ళ క్రితము ఒక విద్యార్థి వ్యాసములో 'గుర్రము' అని వ్రాస్తే, ఎర్రసిరాతో కొట్టివేసి 'అశ్వము' అని దిద్దాను. కావ్యములలో నిలిచిన మాటకే గౌరవమెక్కువ అని అప్పటి నా నమ్మకము. దానిని కదిలించినవి ఐరోపా పడమటి అంచున మాట్లాడే కెల్టిక్ భాషలు. వాటిలో గుర్రపు మాటలు మూడు దారులలో వచ్చినవి.

మొదటిది మనకు చుట్టమే. సంస్కృత 'అశ్వ', లాటిన్ 'ఎక్వుస్', ప్రాచీన ఐరిష్ 'ఎఖ్' ఒకే మూలపదపు సంతానము. అందలి 'క్వ' ధ్వని సంస్కృతమున 'శ్వ' అయినది. ఐరిష్‌లో కకారమై, పిమ్మట సడలినది. ఒకప్పటి ఫ్రాన్సు నేలపై వినబడిన గాలిష్‌లో పకారమైనది. కనుకనే గాలుల అశ్వదేవత పేరు 'ఎపోన'. రోమను ఆశ్వికులు కూడ ఆమెను కొలిచారు. వెల్ష్‌లో గుర్రపుపిల్ల 'ఎబోల్'. పకారము బకారమైనది. పరుషములు సరళములగుట మనకు కొత్త కాదు గదా!

రెండవది 'మార్క'. క్రీ.పూ. 279లో గ్రీసుపై దండెత్తిన గాలుల గూర్చి చెబుతూ, గుర్రమునకు వారి మాట ఇదియని క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు యాత్రికుడు పౌసానియస్ వ్రాశాడు. ఒక్కొక్క రౌతు వెంట ఇద్దరు పరిచారకులు గుర్రాలపై ఉండేవారట. ఆ ఏర్పాటు పేరు 'త్రిమార్కిసియా'. ఆ 'త్రి' మన 'త్రి'కి తోబుట్టువే. బ్రెటన్‌లో నేటికీ గుర్రము 'మార్హ్'. ఐరిష్‌లో రౌతు 'మార్కఖ్'. ఇంగ్లీషులో ఆడగుర్రమును చెప్పే 'మేర్' కూడ ఈ కుదురుదే.

మూడవది ఐరిష్ 'కపల్', వెల్ష్ 'కెఫిల్'. ఇవి లాటిన్ 'కబల్లుస్' నుండి వచ్చినవని సాధారణముగా చెబుతారు. అది పనిగుర్రమునకు పేరు. ఆ లాటిన్ మాట పుట్టుకపై మాత్రము పండితులలో ఏకాభిప్రాయము లేదు.

ఐర్లండులో నేడు నిత్యవ్యవహారమున ఉన్నది 'కపల్'. ప్రాచీనమైన 'ఎఖ్' సాహిత్యమునకు పరిమితమైనది. స్కాట్లండు గేలిక్‌లో మాత్రము అదే ఇంకను వాడుకమాట.

అంటే, ఐరిష్‌లో ఇంట పుట్టిన మాట కావ్యమెక్కి, వలస వచ్చినది వీధిలో తిరుగుతున్నది. తెలుగులో తత్సమమైన 'అశ్వము' కావ్యమెక్కగా, దేశ్యమైన 'గుర్రము' వీధిలో నిలిచినది. మాట కూర్చున్న పీటను బట్టి దాని కులగోత్రములు తెలియవు. గౌరవమును ఆ పీటతో కొలువరాదు.

ఆ విద్యార్థి ఇప్పుడు నడివయసువాడై ఉంటాడు. ఎక్కడైనా ఎదురైతే, నీవు వ్రాసినదే సరియని చెప్పవలసి ఉన్నది.