కొత్త తొట్టెలోకి కొత్త చేప: నీటిని సిద్ధం చేసే పద్ధతుల పరిణామం

ఇంట్లో కొత్తగా అమర్చిన అక్వేరియంలో చేపలను ఎప్పుడు, ఎన్ని చొప్పున వదలాలన్న ప్రశ్నకు గత నూట డెబ్బై అయిదేళ్లలో సమాధానం పలుమార్లు మారింది. ఆ మార్పులను వరుసగా పరిశీలిస్తే, పెంపకందారుల దృష్టి కంటికి కనిపించే మొక్కల నుండి కనిపించని సూక్ష్మజీవుల మీదికి మళ్లడానికి ఎంత కాలం పట్టిందో తెలుస్తుంది.

చైనాలో సోంగ్ వంశీయుల కాలం నుండి గోల్డ్‌ఫిష్‌ను కొలనుల్లోనూ, తరువాత పింగాణీ తొట్లలోనూ పెంచినప్పటికీ, చిన్న పాత్రలో నీటిని మాటిమాటికీ మార్చడం తప్పనిసరిగా ఉండేది. ఆ అవసరం లేకుండా చేపలను బతికించే ప్రయత్నాన్ని లండన్‌లోని రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1849లో చేపట్టాడు. పన్నెండు గ్యాలన్ల గాజు పాత్రలో రెండు గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను ఉంచి, కుళ్లిన ఆకుల వల్ల నీరు మురిగిపోవడం గమనించి, ఆ కుళ్లును తినే నత్తలను చేర్చి, ఫలితాలను మరుసటి ఏడాది ప్రకటించాడు. మొక్క విడిచే ప్రాణవాయువును చేప, చేప విడిచే బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకుంటాయన్న ఈ 'సమతుల్య అక్వేరియం' భావన, 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ వెలువరించిన 'ది అక్వేరియం' వంటి గ్రంథాల ప్రచారంతో ఇంగ్లండులో ఇంటింటి అభిరుచికి ఆధారమైంది. ఈ సిద్ధాంతాన్ని అనుసరించినవారికి, మొక్కలు వేళ్లూని ఏపుగా ఎదగడమే తొట్టె సిద్ధమైందనడానికి గుర్తు.

అయితే చేప నీటిలోకి వదిలే ప్రమాదకర పదార్థాలలో ముఖ్యమైనది అమ్మోనియా. అది ఎక్కువగా మొప్పల ద్వారానే వెలువడుతుంది. దాని గతి ఏమవుతుందో తేల్చిన పరిశోధన మురుగునీటి మీద జరిగింది. 1877లో ఫ్రాన్స్‌లో తియోఫిల్ ష్లోసింగ్, అషిల్ మ్యుంట్స్ ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టం గుండా మురుగునీటిని నెమ్మదిగా పంపగా, తొలి ఇరవై రోజుల పాటు అమ్మోనియా ఏ మార్పూ లేకుండా బయటికి వచ్చి, ఆ తరువాతే నైట్రేట్‌గా మారసాగింది. క్లోరోఫాం ఆవిరి సోకగానే ఆ మార్పు ఆగిపోవడంతో, అది జీవుల పనేనని రుజువైంది. కొత్త తొట్టెలో మొదటి వారాల్లోనే చేపలు ఎందుకు చనిపోతాయన్నదానికి కావలసిన సమాధానమంతా ఆ ఇరవై రోజుల్లోనే ఉందనవచ్చు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో ఈ మార్పు అమ్మోనియా నుండి నైట్రైట్‌కు, నైట్రైట్ నుండి నైట్రేట్‌కు రెండంచెలుగా సాగుతుందని చూపినవాడు అదే పేరుగల రాబర్ట్ వారింగ్టన్, అంటే అక్వేరియం ప్రయోగం చేసిన రసాయనవేత్త కుమారుడు. తండ్రి తొట్టెలో మిగిలిపోయిన ప్రశ్నకు కొడుకు పొలం మట్టిలో జవాబు వెతికాడు. 1890లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఈ మార్పును చేసే బాక్టీరియాను వేరుచేశాడు.

ఇంత స్పష్టమైన జ్ఞానం వ్యవసాయ రసాయన శాస్త్రం నుండి చేపల పెంపకానికి చేరడానికి దశాబ్దాలు పట్టడం విచారకరం. 1949లో జేమ్స్ ఆట్జ్ సమతుల్య అక్వేరియం ఒక అపోహ అని వాదించాడు. 1970లో స్టీఫెన్ స్పాట్ వెలువరించిన గ్రంథం మూసిన నీటి వ్యవస్థలలో సూక్ష్మజీవుల వడపోతకు ప్రధాన స్థానం ఇచ్చింది. అప్పటి నుండి కొత్త తొట్టెను నాలుగు నుండి ఆరు వారాల పాటు 'పండించడం', అంటే బాక్టీరియా గులకరాళ్ల మీద, ఫిల్టర్ స్పాంజీలో స్థిరపడేవరకు ఆగడం, క్రమంగా ఆచారమైంది. ఇతర బాక్టీరియాలలో కొన్ని అరగంటలోపే రెట్టింపవుతుండగా, వీటికి చాలా గంటలు, ఒక్కొక్కప్పుడు రోజుకు పైగా పట్టడమే ఈ ఆలస్యానికి కారణం. ఈలోపు పేరుకునే నైట్రైట్ చేప రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపానికి మార్చి, రక్తాన్ని గోధుమరంగుకు తిప్పుతుంది. తొలిరోజుల్లో గట్టి చేపలను బలిపెట్టి తొట్టెను పండించేవారు. తరువాత చేపలు లేకుండానే కొద్దికొద్దిగా అమ్మోనియా కలిపే పద్ధతి వ్యాపించింది. నిస్సందేహంగా అదే దయగల పద్ధతి.

ఆ బాక్టీరియా ఏవన్న విషయంలోనూ అభిప్రాయాలు మారాయి. నైట్రైట్‌ను మార్చేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం నమ్మగా, మంచినీటి అక్వేరియంలలో ఆ పని చేసేవి నైట్రోస్పైరా జాతులని టిమొతీ హొవనెక్, ఆయన సహచరులు 1998లో చూపారు. రెండంచెలనూ ఒక్కటే పూర్తిచేయగల నైట్రోస్పైరాను 2015లో గుర్తించారు. వాటిలో కొన్ని దొరికింది చేపల పెంపకపు ఫిల్టర్‌లోనే.

పండిన తొట్టెలోని బాక్టీరియా సంఖ్య అప్పటికి అందుతున్న అమ్మోనియాకు తగినంతే ఉంటుంది కనుక, కొత్త చేపలను ఒకేసారి నింపకుండా రెండు మూడు చొప్పున, వారాల వ్యవధితో వదలాలన్న నియమం ఇక్కడి నుండే పుట్టింది. అయితే నీరు సిద్ధమైనంత మాత్రాన చేప సిద్ధమైనట్టు కాదు. 1876లో ఫూకే వర్ణించిన తెల్లమచ్చల వ్యాధి పరాన్నజీవి చర్మం కింద దాగి ఉన్నంతకాలం మందుకు లొంగదు. నీటిలో ఈదే దశలో మాత్రమే చనిపోతుంది. అందువల్ల కొత్త చేపను కొన్ని వారాలు వేరే తొట్టెలో ఉంచి గమనించిన తరువాతే పాతవాటితో కలపడం నేటి పద్ధతిగా స్థిరపడింది.