బెర్లిన్ బిబింబాప్: బొగ్గు గనుల నుంచి, ఆసుపత్రి వార్డుల నుంచి

నాలుగైదు బల్లలు, ఒక కౌంటరు, ఆ కౌంటరు వెనకే వంటిల్లు. ఇలాంటి చిన్న హోటల్‌ని బెర్లిన్‌లో ‘ఇంబిస్’ అంటారు. టర్కీ వాళ్ల డోనర్ కబాబ్, వియత్నాం వాళ్ల నూడుల్స్, జర్మన్ల సొంత కరీవుర్స్ట్ సాసేజ్ ఎక్కువగా దొరికేది ఇలాంటి చోట్లే. షోనెబెర్గ్, షార్లొట్టెన్‌బుర్గ్, క్రాయిట్స్‌బెర్గ్ వీధుల్లో వాటి పక్కనే కొరియా ఇంబిస్‌లూ కనిపిస్తాయి. మధ్యాహ్నం పన్నెండు దాటితే విద్యార్థులు, ఆఫీసు ఉద్యోగులు, పక్క సందులో మరమ్మతు పని చేసేవాళ్లు వచ్చి, పెద్దగా ఖర్చు లేకుండా కడుపు నింపుకుని వెళ్తారు.

ఇవన్నీ కె-పాప్ పాటలు, టీవీ సీరియళ్ల పుణ్యమా అని వచ్చాయని చాలామంది అనుకుంటారు. ఈమధ్య తెరిచిన వాటి విషయంలో అది కొంత నిజమే. కానీ కొరియా వంట జర్మనీలో అడుగుపెట్టి అరవై ఏళ్లు దాటింది. తీసుకొచ్చింది గనుల్లో పనికి వచ్చిన కుర్రాళ్లు, వార్డుల్లో పనికి వచ్చిన అమ్మాయిలు. ఆ ఘనత వాళ్లకే దక్కాలని నా పట్టుదల.

1953లో కొరియా యుద్ధం ఆగింది. దేశం రెండు ముక్కలుగానే మిగిలింది, ఊళ్లు బూడిదయ్యాయి. పదేళ్ల తర్వాత కూడా దక్షిణ కొరియాలో తలసరి ఆదాయం ఏడాదికి 100 డాలర్ల దగ్గరే ఆడుతోంది. చదువుకున్నవాళ్లకు ఉద్యోగాల్లేవు. పశ్చిమ జర్మనీలో అప్పుడు ఫ్యాక్టరీలు జోరుగా నడుస్తున్నాయి, పనికి మనుషులే చాలడం లేదు. 1955లో ఇటలీతో, 1961లో టర్కీతో ఒప్పందాలు చేసుకుని కూలీలను రప్పించుకున్నారు. 1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేవడంతో తూర్పు జర్మనీ నుంచి వచ్చేవాళ్లూ ఆగిపోయారు. గనిలోకి దిగే పనికైతే జర్మన్ యువకులు మొహం చాటేస్తున్నారు. ఆ సమయంలో, 1963 డిసెంబరులో, కొరియాతో గని కార్మికుల ఒప్పందం కుదిరింది. మొదటి జట్టు ఆ నెలలోనే వచ్చి దిగింది.

1977 వరకు దాదాపు 8 వేల మంది కొరియన్లు అలా వెళ్లారు. వాళ్లలో చాలామంది గని ముఖం ఎన్నడూ చూసినవాళ్లు కారు. కాలేజీ చదువులు చదివినవాళ్లు, టీచర్లుగా, గుమాస్తాలుగా పనిచేసినవాళ్లు కూడా ఉన్నారు. మూడేళ్ల కాంట్రాక్టు మీద రూర్ ప్రాంతంలో, ఆహెన్ చుట్టుపక్కల దాదాపు వెయ్యి మీటర్ల లోతుకి దిగి, ఉక్కలో బొగ్గు తవ్వారు. 1964 డిసెంబరులో కొరియా అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ డూయిస్‌బుర్గ్‌లోని హంబోర్న్ గనికి వాళ్లను చూడటానికి వెళ్లారు. జాతీయగీతం ఎత్తుకున్నారు గానీ ఏడుపుతో ఎవరికీ గొంతు పెగల్లేదని ఆ సభ గురించి కొరియాలో నేటికీ చెప్పుకుంటారు. ఈ గని కార్మికుల కథనే 2014లో వచ్చిన ‘ఓడ్ టు మై ఫాదర్’ సినిమాలోనూ చూపించారు.

నర్సుల కథ 1966 జనవరిలో మొదలైంది. మైంట్స్‌లో పిల్లల డాక్టరుగా ఉన్న లీ సు-గిల్ చొరవతో 128 మంది నర్సులు ఒకే విమానంలో వచ్చారు. ఆ తర్వాత పదేళ్లలో వాళ్ల సంఖ్య 10 వేలు దాటింది. పశ్చిమ బెర్లిన్ ఆసుపత్రుల్లోనూ చాలామంది చేరారు. కొరియాలో రోగికి స్నానం చేయించడం, తినిపించడం ఇంటివాళ్ల పని. జర్మనీలో అదంతా నర్సు చేయాలి. ఇంజెక్షన్లు, సెలైన్లు తెలిసిన అమ్మాయిలు చేతికి తుడుపుగుడ్డ ఇచ్చేసరికి కుమిలిపోయారు. భాష సరిగా రాకపోవడంతో ఆ మాట గట్టిగా చెప్పుకునే దారి కూడా లేకపోయింది. కేరళ నుంచి చర్చిల ద్వారా ఎందరో అమ్మాయిలు జర్మనీ వెళ్లిందీ ఆ కాలంలోనే. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన అమ్మాయిలకు ముందుగా జర్మన్ నేర్పించి అదే ఉద్యోగాలకు పంపుతోంది.

జీతంలో పెద్ద భాగం ఇంటికి పంపేవాళ్లు. మిగిలిన దాంతో తమ తిండి చేసుకోవాలి. క్యాంటీన్లో పెట్టేది బంగాళాదుంప, రొట్టె, చీజ్, సాసేజ్. అందుకని హాస్టల్ గదుల్లో వంట మొదలైంది. బెర్లిన్ కొరియా వంటకు అసలు పునాది పడింది అక్కడే.

ముందు అన్నం సంగతి. కొరియన్లకు గింజకు గింజ అంటుకునే పొట్టి బియ్యం కావాలి, అలా లేకపోతే చాప్‌స్టిక్స్‌కి అన్నం నిలవదు. జర్మన్ కొట్లలో పాలు, పంచదార పోసి పాయసంలా వండుకునే ‘మిల్చ్‌రైస్’ అనే పొట్టి బియ్యం చవగ్గా దొరికేది. వీళ్లు దాన్ని నీళ్లలో వండుకున్నారు. అన్నం సరిగ్గా కుదిరింది. కిమ్చి అనే పులిసిన ఊరగాయకు చైనా క్యాబేజీ దొరక్కపోతే మామూలు క్యాబేజీనే ఉప్పులో ఊరబెట్టారు. కొట్లో దొరికే పప్రికా పొడి రంగు ఇస్తుంది గానీ కారం ఇవ్వదు. దాంతో కొరియా నుంచి ఎవరు వచ్చినా పెట్టెలో మిరప్పొడి, సోయా ముద్ద తప్పకుండా తెచ్చేవాళ్లు. వెల్లుల్లి వాసనకు పక్క గదులవాళ్లు గొడవ చేసేవాళ్లు. కిటికీలు తీసి పెట్టి వండటం, సీసా మూత మీద మూత బిగించడం అలవాటైంది.

వసంతకాలం వస్తే అడవికి వెళ్లడం ఇంకో ముచ్చట. కొరియా వంటలో ఉడకబెట్టి, ఎండబెట్టి వాడే ఫెర్న్ మొక్క లేత కాడలు జర్మనీ అడవుల్లో కుప్పలుగా మొలుస్తాయి, వాటిని తినాలన్న ఆలోచన అక్కడివాళ్లకు లేదు. కొరియా ఆడవాళ్లు సంచులు పట్టుకుని వెళ్లి కోసుకొచ్చేవాళ్లు. అడవి వెల్లుల్లి ఆకుని సోయా సాస్‌లో నిలవ పెట్టేవాళ్లు. పెరిల్లా ఆకు విత్తనాలు తెప్పించుకుని బాల్కనీ కుండీల్లో, నగరం అంచున అద్దెకు తీసుకున్న తోట మడుల్లో వేశారు. నేటికీ పాతకాలపు కొరియన్ ఇళ్లలో ఈ పనులు సాగుతూనే ఉన్నాయి.

1973లో చమురు సంక్షోభం రాగానే జర్మనీ విదేశీ కూలీల నియామకాలు చాలావరకు ఆపేసింది. పని తగ్గేసరికి 1977లో కొరియా నర్సుల వీసాలు పొడిగించకుండా తిప్పి పంపడం మొదలైంది. వాళ్లు ఊరుకోలేదు. వీధుల్లో, ఆసుపత్రుల్లో సంతకాలు సేకరించారు. అవసరానికి పిలిపించుకుని అవసరం తీరాక పొమ్మనడం ఏమిటని నిలదీశారు. జర్మన్ రోగులు, తోటి ఉద్యోగులు కూడా సంతకాలు పెట్టారు. 1978లో దీర్ఘకాలం ఉండేందుకు అనుమతి సాధించుకున్నారు. బెర్లిన్‌లో నేడు కొరియా హోటళ్లు ఉన్నాయంటే అందుకు ఈ గెలుపే పెద్ద కారణమని నా నమ్మకం. ఏడాదికోసారి వీసా కోసం బిక్కుబిక్కుమనేవాళ్లు పదేళ్ల అద్దెకు కొట్టు తీసుకోలేరు కదా. గని కాంట్రాక్టు ముగిసినవాళ్లలో కొందరు ఈ నర్సులను పెళ్లి చేసుకుని జర్మనీలోనే ఉండిపోయారు. అలాంటి కుటుంబాల్లో కొన్ని సరుకుల కొట్లు పెట్టాయి, కొన్ని ఇంబిస్‌లు తెరిచాయి.

కొరియా వంటలో పారేసేది దాదాపు ఏమీ ఉండదు, అందుకే ఇలాంటి చిన్న హోటల్ తక్కువ ధరకు నడుస్తుంది. కొత్తగా పెట్టిన కిమ్చిని పక్కన నంజుకోవడానికి చిన్న గిన్నెలో ఇస్తారు. వారాలు గడిచి బాగా పులిసిందాన్ని పంది మాంసంతో, టోఫుతో ఉడికించి ‘కిమ్చి జిగే’ చేస్తారు. ఆ పులుసుకు పులిసిన కిమ్చే కావాలి, కొత్తది పనికిరాదు. ఇంకా మిగిలితే అన్నంలో వేయించడానికో, పిండిలో కలిపి అట్టు పోయడానికో వాడతారు. పొద్దున ఒకసారి తరిగి వండి పెట్టుకున్న క్యారెట్, పాలకూర, మొలకలు అన్నంలో కూరలు కలుపుకుని తినే బిబింబాప్‌కీ, కిమ్‌బాప్ అన్నం చుట్టలకీ, జాప్‌చే నూడుల్స్‌కీ సరిపోతాయి. బిబింబాప్ కోసం రాతిగిన్నెకు లోపల నువ్వుల నూనె రాసి మంట మీద పెడతారు. అన్నం, దాని మీద వరసగా కూరలు, పైన గుడ్డు. బల్ల మీదికి వచ్చేసరికి గిన్నె చిటపటలాడుతూ ఉంటుంది. గోచుజాంగ్ అనే మిరప ముద్ద వేసి వెంటనే కలపాలి. కలిపాక కాస్త ఆగితే అడుగున అన్నం ఎర్రగా, కరకరలాడే చెక్కలా కడుతుంది. ఆ చెక్కని గీకి తినడం కోసమే రాతిగిన్నె అడిగేవాళ్లున్నారు.

పాత ఇంబిస్‌లలో వంట ఇంటామె చేతిలో, డబ్బు లెక్క భర్త చేతిలో, బల్లలు తుడిచే పని బడి నుంచి వచ్చిన పిల్లల చేతిలో ఉండేది. షోనెబెర్గ్‌లో ఒక హోటల్‌లో గోడల నిండా బైబిల్ వాక్యాలు ఉంటాయి. జర్మనీలో స్థిరపడిన కొరియన్లకు చర్చి ఎంత పెద్ద ఆసరానో అక్కడ కూర్చుంటే అర్థమవుతుంది.

కొరియా హోటళ్ల రెండో అల వేరు. 2009లో జర్మనీ, కొరియాల మధ్య వర్కింగ్ హాలిడే వీసా మొదలయ్యాక సోల్, బూసాన్ నుంచి పాతికేళ్ల కుర్రకారు బెర్లిన్ రావడం పెరిగింది. క్రాయిట్స్‌బెర్గ్‌లో పెద్ద దీపాలు, బిగ్గరగా పాటలు, వేయించిన చికెన్, సోజు అనే సారా పెట్టే హోటళ్లు వచ్చాయి. కిమ్చి సీసాలు జర్మన్ సూపర్‌మార్కెట్లలోకీ ఎక్కాయి. కొత్త హోటళ్లలో వంట బాగుంటుంది, కాదనను. ధర మాత్రం పాత ఇంబిస్ కన్నా ఎక్కువే.

ఇంతలో కొందరు నర్సులు, గని కార్మికులు పదవీ విరమణ చేసి కొరియాకి తిరిగి వెళ్లారు. దక్షిణాన నామ్హే ద్వీపంలో 2000 తర్వాత వాళ్ల కోసం ‘జర్మన్ గ్రామం’ కట్టారు. ఎర్ర పెంకుల ఇళ్లు, సాసేజ్‌లు, బీరు, అక్టోబరులో బీరు పండగ. వాళ్ల వలస కథ చెప్పే ప్రదర్శనశాల కూడా అక్కడుంది.

బెర్లిన్‌లో ఉండిపోయినవాళ్లకు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు. 2015లో జర్మనీ మొదటిసారి కనీస వేతనం పెట్టినప్పుడు గంటకు 8.50 యూరోలు, 2025లో 12.82. కార్మికుడికి అది న్యాయమే. అయితే జీతం లేని ఇంటి చాకిరీ మీద నడిచిన హోటల్‌కి ఇంటివాళ్ల చేతులు తగ్గి, కూలికి మనిషిని పెట్టుకోవాల్సి వస్తే పాత ధర నిలవదు. అద్దెలు కూడా పెరిగాయి. కొన్ని మూతపడతాయి, కొన్ని కూతుళ్ల చేతికో, వర్కింగ్ హాలిడే మీద వచ్చి అక్కడే పని నేర్చుకున్న కుర్రవాళ్ల చేతికో వెళ్తాయి.