యంత్రాలకూ ఒక దుబాసీ

మా చెల్లెలు జి.మాడుగులలో పంతులమ్మ. ఆమధ్య దాన్ని చూడబోయి, దాని వెంట ఒక చిన్న ఆఫీసుకు వెళ్ళాను. అక్కడ రెండు కంప్యూటర్లు, ఒకే ప్రింటరు. కాగితాలు తయారయ్యేది విండోస్ యంత్రంలో. ప్రింటరు ఉన్నది పాత లైనక్స్ యంత్రానికి. ఒకే ఇంట్లో ఉండి పలకరించుకోని తోడికోడళ్ళలా ఉన్నాయవి! కొండ దిగి నడిచొచ్చిన ఒక పిల్ల హాస్టలు అర్జీకోసం పొద్దుటినుంచీ బెంచీమీదే ఉంది. ఆఖరి జీపు వెళ్ళిపోతే ఇల్లు చేరేదెలా?

"ఒకదాని భాష ఒకదానికి రాదక్కా" అంది చెల్లెలు.

రాకపోతే మాత్రం? ఇక్కడి సంతలో కువి మాట్లాడేవారూ, ఆదివాసీ ఒడియా మాట్లాడేవారూ, మైదానంనుంచి వచ్చిన తెలుగు వర్తకులూ కలుస్తారు. మిరియాల బేరం ఆగుతుందా? రెండు భాషలూ వచ్చినవాళ్ళొకరు మధ్యలో ఉంటారు. కుంఫిణీ రోజుల్లో అలాంటివాణ్ణే దుబాసీ అన్నారు.

యంత్రాలకూ అలాంటి దుబాసీ ఉన్నాడు. 1991 చివర ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి తన పి.సి.కీ, యూనిక్స్ యంత్రానికీ మాట కలపాలనుకున్నాడు. యూనిక్స్ అంటే లైనక్స్‌కు పెద్దక్క. పి.సి. మాట్లాడే భాషకు వ్యాకరణం అతని చేతిలో లేదు. తీగలో అటూ ఇటూ పోయే మాటలు కనిపెట్టి చూసి, ఏ ప్రశ్నకు ఏ జవాబో పట్టుకున్నాడు. కొత్తకోడళ్ళుగా మనం చేసిందీ అదేగా!

ఆ భాష పేరు ఎస్.ఎమ్.బి. తన ప్రోగ్రాముకు పేరు మార్చవలసివచ్చి, ఆ మూడక్షరాలూ అదే వరసలో వచ్చే మాటకోసం వెతికితే ‘సాంబా’ దొరికింది. నేనైతే సాంబారని పెట్టేదాన్ని!

సాంబా ఉంటే విండోస్ కళ్ళకు లైనక్స్ కూడా మరో విండోస్‌లాగే కనబడుతుంది. వచ్చిన కాగితాన్ని అది ‘కప్స్’కు అప్పగిస్తుంది. మైకేల్ స్వీట్ రాసిన ఈ కప్స్ 1999లో వచ్చింది. కాగితాలను వరసలో నిలబెట్టి ప్రింటరుకు అందించడం దాని పని.

ఒక కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. ప్రింటరుకొక పేరు పెట్టాడు, ఎవరు వాడవచ్చో రాశాడు, విండోస్‌లో ఆ పేరు చేర్చాడు. మొదటి కాగితం నిండా పిచ్చిరాతలే! డ్రైవరు తప్పట. అది మార్చాక అర్జీ వచ్చింది, పిల్ల పేరు ఒత్తులతో సహా. ఆ వెచ్చటి కాగితం పట్టుకుని జీపుకేసి ఒకటే పరుగు!

సాంబాకు వెల లేదు. దాని రాతను ఎవరైనా చూడవచ్చు, దిద్దవచ్చు. ఏళ్ళ తరబడి పడ్డ కష్టాన్ని అలా పంచిపెట్టినవాళ్ళ పేర్లు ఆ పిల్లకు తెలియవు. నాకూ ఆ రోజే తెలిశాయి.