దారి చూపినవాని పేరు

అగ్నిపర్వతము నెక్కి దిగివచ్చినవారు వ్రాసిన కథలు మేము చాల చదివితిమి. గంధకపు కంపు, కాళ్ళ క్రింద వేడి బూడిద, నోరు తెరచిన గుండము, దాని యంచున నిలిచి లోనికి తొంగిచూచిన రచయితగారి గుండెదడ, ఇవన్నియు వానిలో తప్పక యుండును. పర్వతము పేరు, దాని యెత్తు, ఎక్కిన తేది, ఎక్కినవారి పేరు సరిగా నుండును. ముందు నడచినవానికి మాత్రము పేరుండదు. "మా గైడు" అని యొక మాట, అంతే. గాలి ఎటు తిరిగినదో కనిపెట్టి అతడు వీరిని ప్రక్కకు లాగిన సంగతి ఒక వాక్యములో వచ్చి పోవును. చరిత్రరచనలో ఈ యలవాటు ఎంత లోతుగా పాతుకొన్నదో తెలిసికొనుటకు జావా సుమాత్రాలకు పోనక్కరలేదు. విశాఖపట్టణమునుండి అరకు పోవు త్రోవలో టైడా యొద్ద బస్సు దిగిన చాలును.

మన తెలుగునాట ప్రాణముతోనున్న అగ్నిపర్వతము లేదు. భారతదేశమున నిప్పు గ్రక్కుచున్న కొండ అండమాను సముద్రములోని బారెన్ ద్వీప మొక్కటే. అది 1787లో మండినట్లు వ్రాత గలదు. చాలకాలము నిద్రించి 1991లో మరల లేచినది. అక్కడ మనుష్యులు కాపురముండరు గనుక దారి చూపువాడును లేడు. రాజమహేంద్రవరము చెంత గోదావరి కిరుప్రక్కల కనబడు నల్లరాయి మాత్రము సుమారు 6.5 కోట్ల యేండ్ల క్రిందట ప్రవహించిన లావా గడ్డకట్టినదే. టైడా కొండలు దానికంటె ఎంతో పాతవి. ఇవి నిప్పు గ్రక్కినవి కావు, నిప్పులో ఉడికినవి. భూమి లోపల మిక్కిలి లోతున, 900 డిగ్రీలకు మించిన వేడిలో, సుమారు 100 కోట్ల యేండ్ల క్రిందట పాత బురదయు ఇసుకయు మారి ఈ రాళ్ళైనవి.

ఈ సంగతులు మేము పుస్తకములలో చదివి పోయినవి. మాకు దారి చూపిన పెద్దమనిషి ఇవి యేవియు చదువలేదు. ఆశ్వయుజమాసపు చివరి దినములు. వానలు వెనుకపట్టినవని మేమనుకొంటిమి. బసవారు కుదిర్చిన మనిషి తెల్లవారకముందే వచ్చి గుమ్మమున కూర్చుండెను. వయస్సు యేబదికి పైగా నుండును. భుజమున కత్తి, నడుమున తువ్వాలు, సీసాలో చోడి అంబలి. కొండదొరలమని చెప్పెను. మేము ఆయనను "అన్నా" అని పిలిచితిమి. ఆయన మాలో అందరికంటె చిన్నవానిని సైతము "బాబూ" అనియే పిలిచెను. మేమెంత వారించినను ఆ మాట మారలేదు. ఈ "అన్నా", "బాబూ"ల మధ్యనున్న దూరము ఎన్ని తరముల పాటు తవ్వినదో అని ఆ దినమంతయు మాకు మనసులో గుచ్చుకొనుచునే యుండెను.

ఎక్కునప్పుడు త్రోవలో ఎఱ్ఱగా చివికిన రాయి నొకదానిని ఆయన కత్తిమడమతో కొట్టి చూపెను. లోపల దానిమ్మగింజలవంటి గార్నెట్టు పలుకులు మెరసినవి. ఈ రాయి యున్నచోట మట్టి మెత్తగా నుండుననియు, వానకు జారుననియు, పోడు కొట్టినయెడల మూడేండ్లకు మించి పండదనియు చెప్పెను. నల్లగా గట్టిగానున్న రాయి వేరనియు, దాని క్రిందనే ఊట లుండుననియు చెప్పెను. శాస్త్రజ్ఞులు మొదటిదానిని ఖొండలైటు అందురు. 1902లో వాకరు అను భూతత్త్వవేత్త కలహండి సంస్థానపు రాళ్ళనుగూర్చి వ్రాయుచు, ఈ కొండలలోని ఖోండు జాతి పేరిట దానికా పేరు పెట్టెను. రెండవదాని వంటిది చార్నోకైటు. దానిని 1893లో హాలండు అను నతడు వర్ణించి, కలకత్తాలో జాబ్ చార్నాక్ అను కుంఫిణీ యుద్యోగి సమాధిపై పరచిన రాయి అదే గనుక అతని పేరు పెట్టెను. దొరకు తన సొంత పేరు దక్కినది. కొండవానికి జాతి పేరు దక్కినది. ఆ కొండలలో వాకరుకు దారి చూపినవారు ఖోండులే యైయుందురని ఊహించుటకు మాకు సాహసము చాలదు, ఊహింపకుండుటకును మనసొప్పదు.

దిగునప్పుడు మేము తొందరపడితిమి. గెడ్డ వెంబడి దిగినయెడల గంటన్నర కలిసివచ్చునని మాలో నొకరు పటము చూపి వాదించిరి. నీరు చీలమండ లోతు లేదు. ఎండ కాయుచుండెను. ఆయన కొంతదూరము మాతో దిగి, ఒక బండపై నిలిచి నీటివంక చూచి, "ఎండాకు వొస్తంది బాబూ. పైన వాన పడిపోనాది. గట్టెక్కీండి" అనెను. మాకు ఆకాశమున మేఘము కనబడలేదు. వాదించితిమి. ఆయన మరల మాటాడక మా సంచులు రెండు తీసికొని గట్టెక్కి పోయెను. సంచులు పోవుచున్నవి గనుక మేమును పోతిమి. అరగంట కాకముందే ఎఱ్ఱనీరు నడుమెత్తున, కొమ్మలతో రాళ్ళతో గర్జించుచు, మేము నిలిచిన బండమీదుగా పోయెను. మాలో నెవ్వరును చాలసేపు మాటాడలేదు. పటము చూపినవారు పటమును మడిచి జేబులో పెట్టుకొనిరి.

దీనినిబట్టి కొండవాడు సర్వజ్ఞుడని చెప్పుట మా యభిప్రాయము కాదు. అట్టి పొగడ్త కూడ వానిని మనుష్యునిగా చూడకపోవుటయే. జావాలోని మెరాపి పర్వతమునకు యోగ్యకర్త సుల్తాను 1982లో కావలిగా నియమించిన మారిజాన్ అను వృద్ధుడు 2006లో అధికారులు ఖాళీచేయుమన్నను దిగిరాలేదు. పర్వతము అప్పుడు ఆయన ప్రాణము తీయలేదు. దేశమంతట ఆయన పేరు మ్రోగినది. 2010 అక్టోబరు 26న మరల దిగిరాననెను. వేడి మబ్బు ఊరిమీదికి దిగి ఆయనను చంపినది. ఆ పేలుళ్ళలో మొత్తము 350 మందికి పైగా చనిపోయిరి. ఇటు చూచిన, న్యూజిలాండులోని వాకారి ద్వీపమున వారములముందే హెచ్చరిక స్థాయి పెరిగినను యాత్రలు ఆగలేదు. 2019 డిసెంబరు 9న అది పేలినపుడు ద్వీపముపై నున్న 47 మందిలో 22 మంది ప్రాణములు పోయినవి. వారిలో నిద్దరు దారి చూపువారు. ఆ యిద్దరును చూడవచ్చినవారు కారు, కూలికి వచ్చినవారు. ఒకచోట పరంపర పొరబడినది, మరియొకచోట వ్యాపారము పొరబడినది. రెండుచోట్లను కొండను ఎఱిగినవారే ముందు నిలిచిరి.

ఇక మన కొండలలో చరిత్ర వ్రాసినవారి పొరపాటొకటి కలదు. టైడాకు పైన బొఱ్ఱా గుహలున్నవి. వీనిని 1807లో భారత భూతత్త్వ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ జార్జి అను ఆంగ్లేయుడు "కనుగొనె"నని యాత్రాగ్రంథములు, పత్రికలు, పాఠములు ఒకదానినిచూచి యొకటి వ్రాయుచు వచ్చినవి. ఆ శాఖ పుట్టినది 1851లో. విలియం కింగ్ అను నతడు ఆ శాఖకు అధ్యక్షుడైనది 1887లో. పుట్టని శాఖకు చెందిన యుద్యోగి 1807లో గుహను కనుగొనుట యెట్లు? ఈ లెక్క వేయుటకు పలకయు బలపమును చాలును. అయినను వేసినవారు తక్కువ. దొర కనుగొనెనన్న మాట మన చెవికి ఎంత సహజముగా నున్నదనగా, సంవత్సరము సరిచూడవలెనన్న తలపైనను కలుగలేదు.

ఆ గుహలలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు మానవశాస్త్రజ్ఞులు మధ్య ప్రాచీన శిలాయుగపు రాతి పనిముట్లు చూచిరి. అవి 30,000 మొదలు 50,000 ఏండ్ల నాటివని చెప్పుదురు. కనుగొనుట యనగా నిదియే కనుగొనుట. స్థానికుల కథ వేరుగా నున్నది: మేయుచున్న ఆవు పైకప్పులోని కంతగుండ లోపల పడినదట, కాపరి దానిని వెదకుచు దిగి శివలింగము చూచెనట, అందుచేతనే అక్కడి నది గోస్తని యైనదట. మేము పురాణములను చరిత్రగా చెల్లించువారము కాము. అయినను ఈ కథలో ఆవును మేపువాడు ముందు దిగెనన్న యొక్క యంశము, 1807 నాటి దొరకథకంటె నమ్మదగినదిగా నున్నది.

కొండదారి నెఱుగుటకు విలువ లేదని పాలకులు కూడ ఎన్నడును తలపలేదు. 1882 మదరాసు అరణ్యశాసనము పోడును కట్టడిచేసినది, దారులపై కన్ను వేసినది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరుసగా మూడుదినములలో పట్టెను. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను ఇద్దరు ఆంగ్లాధికారులు పడిపోయిరి. మలబారు పోలీసులను, అస్సాము రైఫిళ్ళను తెప్పించినను ఆ యుద్యమము 1924 మే వరకు అణగలేదు. గూడెము కొండలలోని యే కాలిబాట ఎక్కడ తేలునో ఒక పక్షము వారికి తెలిసియుండుట, రెండవ పక్షము వారికి తెలియకుండుట ఇందుకు చిన్న కారణము కాదు. రాజుగారి పేరు నేడు జిల్లాకే పెట్టబడినది; టైడా ఆ జిల్లాలోనే కలదు. కనుమలో ముందు నడచినవారిలో ఎందరి పేర్లు మన పిల్లలకు తెలియును?

దీనికి ఎదురుగా నిలుచు పని యొకటి తెలుగువారిలోనే జరిగినది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి చుట్టునున్న సవరల భాషను సవరలయొద్దనే కూర్చుండి నేర్చుకొనిరి. కొండజ్వరమునకు మ్రింగిన క్వినైను ఆయన వినికిడిని హరించినది. 1931లో సవరభాషా వ్యాకరణమును, పిమ్మట నిఘంటువును వెలువరించిరి. వ్యావహారికభాషకై ఆయన చేసిన పోరును మనవారు ఎంతో చెప్పుకొందురు, ఈ పనిని అంతగా చెప్పుకొనరు. పండితుడు విద్యార్థియై కొండవాడు గురువైన యీ ఘట్టమే రెండింటిలో పెద్దదని మాకు తోచును.

గుహ ఎవరు చూచిరను ప్రశ్న కేవలము గౌరవమునకు సంబంధించినది కాదు. ఎవరు కనుగొనిరో వారిదే కొండ యను తలపు దానివెంట వచ్చును. బొఱ్ఱా పంచాయతీ గ్రామములలో కాల్సైటు త్రవ్వుకొనుటకు ప్రైవేటు సంస్థలకు కౌళ్ళిచ్చినపుడు "సమత" అను సంస్థ న్యాయస్థానమున కెక్కినది. 1997 జూలై 11న సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, 1959 నాటిదియు 1970లో సవరింపబడినదియునగు భూబదలాయింపు నిబంధనలోని "వ్యక్తి" యను మాటలో ప్రభుత్వము సైతము చేరుననియు, షెడ్యూలు ప్రాంతములోని ప్రభుత్వభూమిని కూడ గిరిజనేతరులకు కౌలి కీయరాదనియు తేల్చినది. ఈ తీర్పు గుహల గోడపై చెక్కదగినది. గుహలు చూడవచ్చువారిలో దానిని విన్నవారు మాకు తారసపడలేదు.

సాయంకాలము బసకు చేరినపుడు ఆయనకు ముట్టిన కూలి మేము కట్టిన రుసుములో మూడవవంతైనను లేదని తెలిసినది. మిగిలినది ఎటు పోయెనని అడుగగా బసవారు ఖర్చులనిరి. మేము మరికొంత చేర్చి ఇయ్యబోగా ఆయన ముందు వద్దని, తరువాత పుచ్చుకొనెను. ఈ యాత్రను పత్రికకు వ్రాయుదుమనియు, ఈసారి దారి చూపినవాని పేరు మొదటి పంక్తిలోనే వేయుదుమనియు చెప్పితిమి. మేము గొప్ప మేలు చేయుచున్నామన్న భావము మా గొంతులో ఉండియే యుండును.

ఆయన నవ్వెను. "పేరు రాయకండి బాబూ. అడ్డాకు కోసం గీత దాటీసి ఎల్తాం మేము. పేరుంటే ఎవుడో కాయితం పట్టుకొచ్చేస్తాడు" అని, కత్తి భుజమున వేసికొని చీకటిలో గెడ్డ వైపు దిగిపోయెను.