పదుగురి మాట – పడుచువారి మద్యపానము

చదువుకొను పడుచువాడు మొదటిసారి మద్యపాత్రను చేతబట్టుట కేమి కారణమని యడిగినచో మన పెద్దలు సామాన్యముగా రెండుత్తరములు చెప్పుదురు. చెడు సావాసమని యొకటి, ఇంటి కట్టుబాటు సడలుటయని రెండవది. ఈ రెంటిలోను నిజము లేకపోలేదు. కాని సావాసమనగా నేమో విచారించినవారు తక్కువ. ప్రక్కనున్న మిత్రుడు త్రాగుమని బలవంతపెట్టుటయే సావాసదోషమని మన మనుకొందుము. బలవంతపెట్టువాడెవడును లేని గదిలో గూడ పడుచువాడు గ్లాసు నందుకొనుచున్నాడు. వానిని లోబఱచుకొన్నది మిత్రుని నోరు గాదు; మిత్రుని మనస్సులో నేమున్నదోయని తాను చేసికొన్న యూహ. ఆ యూహ చాలవఱకు తప్పు. ఈ సంగతి యెట్లు బయటపడెనో, దానివలన సంస్కర్తల పద్ధతుల కెట్టి చిక్కు వచ్చెనో యిచ్చట వివరింప దలచితిమి.

మన పల్లెలలో చెప్పుకొను కథ యొకటి గలదు. ఇంటికొక చెంబెడు పాలు రాత్రివేళ కొలనులో పోయవలెనని రాజు చాటించెనట. ఇందఱి పాలలో నా నీళ్లెవరికి దెలియునని ప్రతివాడును చెంబెడు నీళ్లు పోసి వచ్చెను. తెల్లవాఱునప్పటికి కొలనునిండ నీళ్లే. ఆ కథలోని పౌరులు వంచకులు గనుక మనము నవ్వుదుము. వంచన లేకయు నిట్టి కొలను నిండుట గలదు. ఒక గుంపులోని ప్రతివాడును లోలోపల నొక యభిప్రాయము గలిగి, తక్కినవారందఱు వేఱుగా దలచుచున్నారని భ్రమించి, తానును పైకి వారివలెనే నటించును. అమెరికాలోని సిరక్యూజ్ విశ్వవిద్యాలయమునకు జెందిన ఫ్లాయిడ్ ఆల్‌పోర్టను మనశ్శాస్త్రజ్ఞుడు డేనియల్ కాట్జ్‌తో గూడి విద్యార్థుల యభిప్రాయములను గూర్చి 1931లో నొక గ్రంథమును బ్రకటించెను. ఈ స్థితికి 'ప్లూరలిస్టిక్ ఇగ్నొరెన్స్' అను పేరు ఆల్‌పోర్టు మూలముననే వచ్చినది. మేము దీనిని అన్యోన్యాజ్ఞానమని తెనిగింతుము. ఫ్రటర్నిటీలను పేర అచ్చటి విద్యార్థులు కట్టుకొను సంఘములలో అన్యజాతులవారిని జేర్చుకొనుటకు విడివిడిగా నంగీకరించినవా రనేకులు, సంఘములోని తక్కినవా రొప్పుకొనరని తలచుచుండిరని వారు కనుగొనిరి. మన సహపంక్తి భోజనముల చరిత్ర నెఱిగినవారి కిది వింతగా దోపదు.

మఱుసటి యేడు, అనగా 1932లో, రిచర్డ్ షాంకను నతడు న్యూయార్కు రాష్ట్రములోని యొక చిన్న గ్రామమును గూర్చి వ్రాసెను. దాని కతడు ఎల్మ్ హాలో యని మాఱుపేరు పెట్టెను. ఆ యూరి మెథడిస్టు మతస్థులు పేకాట, పొగాకు, మద్యము పాపములని బహిరంగముగా జెప్పుచుండిరి. షాంకు వారితో గలసిమెలసి నివసించి నమ్మకము సంపాదించిన పిమ్మట, వారిలో పలువురు కిటికీల తెరలు దించుకొని యతనితో పేకాడిరి, త్రాగిరి. ప్రతి గృహస్థుడును ఊరిలో తానొక్కడే యిట్టివాడనని యనుకొనుచుండెను. ఈ యుదాహరణమును మద్యపాన నిషేధ పక్షమువారు మఱవరాదు. అన్యోన్యాజ్ఞానమునకు నీతి లేదు. అది ఎల్మ్ హాలోలో జనులను పైకి మితపానము, కాదు, నిష్పానమువైపు లాగెను. కళాశాలలో మత్తువైపు లాగుచున్నది. రెండుచోట్లను పైకి గనబడునది లోన లేదు.

విద్యార్థుల మద్యపానమును గొప్ప యెత్తున లెక్కించినవారిలో యేల్ విశ్వవిద్యాలయపు రాబర్టు స్ట్రాస్, సెల్డన్ బేకనులు మొదటివారు. 27 కళాశాలలలోని వేలకొలది విద్యార్థులను బ్రశ్నించి 1953లో వారు గ్రంథమును వెలువరించిరి. త్రాగువారిలో నెక్కువమంది కళాశాల మెట్టెక్కకమున్నే రుచి చూచినవారనియు, ఇంటి యాచారము, తలిదండ్రుల నడవడి ముఖ్యములనియు వారు చూపిరి. తలిదండ్రులు తమ తప్పును కళాశాలపై మోపుట కీ గ్రంథ మడ్డుపడినది. అయినను విద్యార్థి తోటివారిని గూర్చి యేమనుకొనుచున్నాడను ప్రశ్న ముప్పదియేండ్లవఱకు ప్రధానము గాలేదు.

ఆ ప్రశ్న నడిగినవారు జెనీవా నగరమువారు. స్విట్జర్లాండులోని జెనీవా గాదు. న్యూయార్కు రాష్ట్రమున సరస్సు నొడ్డున నున్న చిన్న పట్టణము. అచ్చటి హోబర్ట్, విలియం స్మిత్ కళాశాలలలో వెస్లీ పెర్కిన్స్ అను సాంఘికశాస్త్రజ్ఞుడును, ఆలన్ బెర్కొవిట్జ్ అను మనశ్శాస్త్రజ్ఞుడును 1982లో విద్యార్థులను రెండు ప్రశ్నలడిగిరి. మద్యమును గూర్చి నీ యభిప్రాయమేమి? నీ తోటివారి యభిప్రాయమేమని నీవు తలచుచున్నావు? మొదటి ప్రశ్నకు నూటికి డెబ్బదియైదుగురి కంటె నెక్కువమంది, మత్తెక్కునట్లు త్రాగనే కూడదనియో, త్రాగినను మితమైన సందర్భములలోనే యనియో చెప్పిరి. రెండవ ప్రశ్నకు దాదాపు మూడింట రెండు పాళ్లమంది, తరచుగా మత్తెక్కుటయు చదువుసంధ్యలకు భంగము కలుగునట్లు త్రాగుటయు తోటివారికి సమ్మతమేయని చెప్పిరి. ఉత్తరములిచ్చినవా రా విద్యార్థులే. తోటివారును ఆ విద్యార్థులే. నిజముగా నున్న బహుసంఖ్యాకులు తాము అల్పసంఖ్యాకులమని నమ్ముచుండిరి. ఈ ఫలితములు 1986లో ప్రకటితములైనవి.

ఇంత స్పష్టమైన పొరపాటు చదువుకొన్న పిల్లలలో నెట్లు నిలిచినది? వసతిగృహమున నూఱుగురున్నారనుకొందము. అర్ధరాత్రి పదిమంది త్రాగి వచ్చి నడవలో కేకలు వేయుదురు, ఒకడు మెట్లపై వాంతి చేసికొనును. తొంబదిమంది దీపములార్పి పరుండియుందురు, లేదా చదువుకొనుచుందురు. నిద్రకు చప్పుడు లేదు. మఱునాడు భోజనశాలలో ఆ పదిమంది కథయే నడచును. 'నిన్న రాత్రి నేను బీజగణితము చదివి పండుకొంటి'నని యెవడు చెప్పినను వినువారుండరు. కథ వినుచున్న తొంబదిమందియు నవ్వుదురు. నవ్వుచున్న ప్రతివానికిని తన నవ్వులోని జంకు తెలియును. ప్రక్కవాని నవ్వులోని జంకు తెలియదు. తన్ను లోపలినుండియు, పరుని వెలుపలినుండియు జూచుకొనుట మనుష్యస్వభావము. దీనికి తోడు సినిమాలు, ప్రకటనలు, వార్తాపత్రికలు ఆ పదిమంది బొమ్మలనే వేయును. ఊరందఱిదొక దారి, ఉలిపికట్టె దొక దారియని మన సామెత. పాప మా పిల్లవాడు తన్నే ఉలిపికట్టెగా నెంచుకొనుచున్నాడు.

ఈ పొరపాటు జెనీవాలోని చిన్న కళాశాలలకే పరిమితము గాదని పిమ్మట తేలినది. నూఱు విద్యాసంస్థలలో నలువదియెనిమిదివేల పైచిలుకు విద్యార్థుల సమాధానములను పరిశీలించి పెర్కిన్స్ మొదలగువారు 1999లో ఫలితములు ప్రకటించిరి. మద్యమును గూర్చియే గాక గంజాయి, కొకెయిను మొదలగు మత్తుపదార్థములను గూర్చియు విద్యార్థులు తోటివారి వాడుకను ఉన్నదానికంటె నెక్కువగా నంచనా వేసిరి.

ఊహ తప్పైన నేమి, నడవడిపై దాని ప్రభావ మెంతయని శంకించువారు కలరు. వారికి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు వృత్తాంతము సమాధానము. డెబొరా ప్రెంటిస్, డేల్ మిల్లర్ అనువారు 1993లో ప్రకటించిన పరిశోధనలో అచ్చటి విద్యార్థులు మద్యము విషయమున తమకున్న సంకోచము సగటు విద్యార్థికి లేదని నమ్ముచుండిరి. ఒక విద్యాకాలము గడచునప్పటికి యువకుల యభిప్రాయములు, తాము లోకాభిప్రాయమని పొరపడిన దానివైపు జరిగినవి. లేని గుంపును వెంబడించి నిజముగానే యొక గుంపు తయారగుచుండెను. యువతుల యభిప్రాయము లట్లు మాఱలేదు. విశ్వవిద్యాలయాధ్యక్షుడు బీరు పీపాలను నిషేధించినప్పుడును ఇట్టిదే జరిగినది. ఆ విషయమున తాము తక్కినవారితో నేకీభవింపలేదని తలచినవారు, చదువు ముగిసిన తర్వాత పూర్వవిద్యార్థుల సమావేశములకు రాదలచుటయు తక్కువయ్యెను. తమ వంటివారే చుట్టు నిండియుండగా, తమ కళాశాలలో తాము పరాయివారమనుకొనిరి. త్రాగుడువలన కలుగు నష్టములలో నిది యే పట్టికయందును వ్రాయబడదు.

ఇక సంస్కర్తల సంగతి. తాగుడును ఖండించు ఉపన్యాసములలో సామాన్యముగా మొదటి వాక్యమే 'నేటి యువకులందఱు చెడిపోయి'రని యుండును. చెప్పువాని యుద్దేశము భయపెట్టుట. వినుచున్న పదునెనిమిదేండ్ల పిల్లవాడు గ్రహించునది వేఱు: అందఱును త్రాగుచున్నారని పెద్దలు గూడ నొప్పుకొన్నారు! మద్యవిక్రేత డబ్బిచ్చి వ్రాయించుకొనదగిన ప్రకటనను మతబోధకుడు ఉచితముగా జేసిపెట్టుచున్నాడు. ఉత్త భయమునకు గౌరవ మెంతకాలము నిలుచునో చూడుడు. గంజాయివలన కలుగు ఘోరములను తలిదండ్రులకు చూపుటకై 1936లో అమెరికాలో తీసిన 'రీఫర్ మ్యాడ్నెస్' అను చలనచిత్రమును 1970 తర్వాత కళాశాల విద్యార్థులు హాస్యచిత్రముగా జూచి కడుపుబ్బ నవ్వుకొనిరి.

భయమునకు బదులు లెక్కను వాడిచూతమని పూనుకొన్నవారిలో ఇల్లినాయ్ రాష్ట్రములోని నార్తర్న్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున పనిచేసిన మైకేల్ హేన్స్ ముఖ్యుడు. 1980 దశకము ముగియునప్పు డచ్చటి విద్యార్థులలో మితిమీఱి త్రాగువారు సగముకంటె తక్కువ. విద్యార్థుల యూహలో వారు నూటికి దాదాపు డెబ్బదిమంది. హేన్స్ ఉపన్యాసములు మాని, మన విద్యార్థులలో నెక్కువమంది మితముగానే యుందురను నిజమును పత్రికలలోను గోడప్రకటనలలోను అచ్చువేయించెను. కొన్ని యేండ్లలో ఊహయు దిగినది, త్రాగుడును దిగినది. ఈ పద్ధతి దేశమంతట వ్యాపించెను.

వ్యాపించినదంతయు నిలిచినదని మేము చెప్పము. హార్వర్డు ప్రజారోగ్య పాఠశాలకు జెందిన హెన్రీ వెక్స్లర్ మొదలగువారు ఈ పద్ధతి నవలంబించిన 37 కళాశాలలను, అవలంబింపని 61 కళాశాలలను పోల్చి, త్రాగుడు తగ్గిన జాడ కనబడలేదని 2003లో ప్రకటించిరి. 2006లో విలియం డీజాంగ్ మొదలగువారు 18 విద్యాసంస్థలలో చేసిన ప్రయోగమున మేలు కనబడెను. వారే 2009లో ప్రకటించిన మఱియొక ప్రయోగమున అది మరల కనబడలేదు. ఆన్‌హాయిజర్ బుష్ అను గొప్ప బీరు కంపెనీ యిట్టి ప్రచారములకు ధనసహాయము చేసెనన్నది గూడ చదువరులకు తెలియవలెను. ధనమెవరిదైనను లెక్క లెక్కయే. కాని మితముగా త్రాగుమను ప్రకటనకు బీరు కంపెనీ సొమ్మిచ్చుటలో తన లాభమును చూచుకొనలేదని నమ్ముట కష్టము. సగటును చాటుటలో మఱియొక చిక్కు గలదు. కాలిఫోర్నియాలోని సాన్ మార్కోస్‌లో ఇంటింటికి ఇరుగుపొరుగువారి విద్యుత్తు వాడుక సగటును తెలుపగా, తక్కువ వాడుచుండినవారు సగటువఱకు పెంచుకొనిరని 2007లో వెలువడిన పరిశోధన చెప్పుచున్నది. తమ పొదుపును మెచ్చుకొను చిన్న గుర్తును దానిప్రక్క వేసినచోట నట్లు పెరుగలేదు. అసలు త్రాగని పిల్లవానికి 'సగటున మూడు గ్లాసులు' అని చెప్పువారీ సంగతి నాలోచింపవలెను.

మాకు దోచునదేమనగా, గోడమీది యంకెకును ఎదుట గూర్చున్న మనుష్యుని మాటకును భేదము గలదు. ప్రిన్స్‌టన్‌లోనే క్రొత్తగా చేరిన విద్యార్థులను చిన్న గుంపులుగా గూర్చుండబెట్టి, అన్యోన్యాజ్ఞానమును గూర్చి వారే మాటలాడుకొనునట్లు చేసిరి. కొన్నినెలల తర్వాత విచారింపగా, మద్యపానమున ఎవరికివారు ఎట్లు నిర్ణయించుకొనవలెనను చర్చలో గూర్చున్నవారికంటె వీరు తక్కువ త్రాగుచుండిరని క్రిస్టీన్ ష్రోడర్, ప్రెంటిస్‌లు 1998లో ప్రకటించిరి. సాలమన్ ఆష్ 1951లో ప్రకటించిన ప్రసిద్ధ ప్రయోగములలో, గుంపంతయు తప్పు చెప్పుచుండగా కన్నులెదుటి నిజమును గూడ కాదన్నవారు, నిజము చెప్పు తోడు ఒక్కడు దొరికినంతనే చాలవఱకు నిలద్రొక్కుకొనిరి.

తోడు దొరకుట యనగానే తెలుగువారికి నెల్లూరు జిల్లా దూబగుంట జ్ఞప్తికి రాకపోదు. అచ్చటి స్త్రీలు కళాశాల విద్యార్థులు గారు. రాత్రిబడులలో అక్షరములు దిద్దుకొనుచుండిన కూలి స్త్రీలు. సారావలన సంసారము చెడిన సీతమ్మ కథ వారి పాఠములలో నొకటి. అంతవఱకు ప్రతి యిల్లాలును భర్త త్రాగి వచ్చుట తన తలవ్రాతయని యింటిలో నేడ్చుకొనుచుండెను. పాఠము చదివి యొకరి నోట నొకరు విన్నప్పుడు అది ఊరందఱి దుఃఖమని తెలిసినది. 1992లో వారు సారాదుకాణము మూయించిరి; ఉద్యమము రాష్ట్రమంతట నెగసి 1993లో సారా నిషేధమునకును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసెను. 1997లో ఆ సంపూర్ణ నిషేధము తొలగింపబడినది. ఆ చట్టము కథ వేఱు. రాత్రిబడి కథ మాకు ముఖ్యము.

మన వసతిగృహములలో సంవత్సరారంభమున పెద్దలు వచ్చి యుపన్యసించు వాడుక గలదు. ఈసారి ఉపన్యాసమునకు ముందు పిల్లలకు పేరు వ్రాయనక్కఱలేని చీట్లు రెండేసి పంచి చూడవచ్చును. ఒకదానిలో తన యభిప్రాయము, రెండవదానిలో తోటివారి యభిప్రాయమని తాను తలచునది. చీట్లను లెక్కించు పనిని పిల్లలకే విడిచి, లెక్క తేలిన పిమ్మట వారు తమలో తాము మాటలాడుకొనుచుండగా పెద్దలు కొంతసేపు వెలుపల గూర్చుండుట మంచిది.